స్టాకు రాని మూడు రోజులు

జగ్గయ్యపేటలో నాగేంద్ర కంప్యూటర్స్ అనే కొట్టుకి నెలకు మూడు రోజులు బెజవాడ నుంచి స్టాకు రాదు. ఈ సంగతి ఊళ్ళో చాలామందికి తెలుసు, ఎందుకో మాత్రం ఎవరికీ తెలియదు. పార్సిల్ బస్సువాడి బద్ధకమని కొందరు, బెజవాడ హోల్‌సేల్ వాళ్ళకి పేట వాళ్ళంటే చిన్నచూపని కొందరు సరిపెట్టుకున్నారు. “స్టాకు రాలేదండీ, గురువారం కనపడండి” అని కొట్టు యజమాని అనిల్‌కుమార్ నవ్వుమొహంతో చెబుతున్నప్పుడు అతని వీపు వెనకాలే అద్దాల బీరువాలో మదర్‌బోర్డులూ హార్డ్‌డిస్కులూ అట్టపెట్టెల్లో నిండుగా ఉండేవి. పాతకాలపు బజారు ఇల్లది. ముందు కొట్టు, దాని వెనక ఒక గది, ఆ వెనక వంటిల్లు, చివర పెరటి వసారా, గుమ్మాలన్నీ ఒకే వరసలో. ఆ వసారాలో విడిగా చాప వేసుకుని, తన కంచం తన చెంబు పక్కన పెట్టుకుని కూర్చున్న అనిల్‌కుమార్ భార్య నీరజకి కూడా ఆ మాట ప్రతినెలా స్పష్టంగా వినపడేది.

ఆ కొట్లో కంప్యూటర్లు బిగించేది నీరజ. బయట చేరిన మూడు రోజులూ ఆమె ఏ వస్తువూ ముట్టుకోకూడదు కనుక ఆ మూడు రోజులూ అక్కడ కంప్యూటరు తయారు కాదు. అంతే విషయం. మిగతా రోజుల్లో ఆమె పొద్దున్నే టిఫిన్లు పెట్టి, వంట ముగించి, గిన్నెలు తోమి, తడిచేతులు కొంగుకి తుడుచుకుని కొట్టు వెనక గదిలోకి వస్తుంది. గదికీ కొట్టుకీ మధ్య నీలంరంగు తెర. తెరకి ఇటు స్క్రూడ్రైవరు, టెస్టరు, సోల్డరింగ్ ఐరను, నీరజ. అటు కుర్చీ, గల్లాపెట్టె, లక్ష్మీదేవి పటం, అనిల్‌కుమార్. సిమెంటు ఫ్యాక్టరీల ఆఫీసుల్లో, మిర్చి కమీషన్ కొట్లలో, చిల్లకల్లు నుంచి నందిగామ దాకా ఉన్న నెట్ సెంటర్లలో ఆమె చేత్తో బిగించిన మిషన్లు తిరుగుతున్నాయి. ఊరి దృష్టిలో మాత్రం ఆ తెర వెనక ఉన్నది ఒక మగమనిషి. అనిల్‌కుమార్ అతన్ని ‘మావాడు’ అంటాడు. “మావాణ్ణి అడిగొస్తా ఉండండి.” “మావాడు చూస్తాడులెండి.” ఆరేళ్ళుగా నీరజ తన ఇంట్లోనే ‘మావాడు’గా ఉంటోంది.

మైలవరంలో పెళ్ళిచూపులప్పుడు అత్తగారు నాగేంద్రమ్మ అన్నమాట ఆమెకి ఇప్పటికీ గుర్తే. “ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివిందట, కొట్టుకి పనికొస్తుందిలే.” నిజంగానే పనికొచ్చింది. ఆ డిప్లొమా సర్టిఫికెట్టు, ఫస్ట్‌క్లాసుది, ఇనప బీరువాలో పట్టుచీరల కింద పడుకుని ఉంది. పెళ్ళైన కొత్తలో నీరజ ఒకసారి, నవ్వుతాలుకే అన్నట్టు, నాకు జీతమేమన్నా ఇస్తారా అని అడిగింది. “ఇంటికోడలికి జీతమేంటే, ఎవరన్నా వింటే నవ్విపోతారు” అన్నాడు అనిల్‌కుమార్, అతనూ నవ్వుతూనే. పోనీ ఆ చీకటి గదిలో కాకుండా ముందు కొట్లో బల్ల వేసుకుంటానంది. “మన ఇళ్ళల్లో ఆడవాళ్ళు కొట్లో కనపడరమ్మా” అంది నాగేంద్రమ్మ. ఆవిడ నవ్వలేదు. అనిల్‌కుమార్ చెడ్డవాడేం కాదు. తాగడు, చెయ్యెత్తడు, పండక్కి చీర తనే ఎంచి తెస్తాడు. మా ఆయన చెడ్డవాడు కాదు అని తనకు తాను చెప్పుకోవడంలోనే నీరజకు పెళ్ళైన మొదటి నాలుగేళ్ళూ గడిచిపోయాయి.

మూడు రోజుల నియమం కూడా చూడ్డానికి గట్టిదే గానీ అవసరం వస్తే వంగేది. ఒకసారి ఒక ప్రైవేటు స్కూలు వాళ్ళు పరీక్షల ముందు పది కంప్యూటర్లకి ఆర్డరిచ్చి మర్నాటికే కావాలని కూర్చున్నారు. ఆరోజు నీరజకి మూడోరోజు. నాగేంద్రమ్మ కాసేపు ఆలోచించి, “మూడోరోజుకి నెత్తిన నీళ్ళు పోసుకుంటే తప్పులేదులే, ఇనుముకేం మైల” అంది. నీరజ నెత్తిన నీళ్ళు పోసుకుని పది మిషన్లూ బిగించి ఇచ్చింది. పై నెల మూడోరోజున తలనొప్పికి అమృతాంజనం సీసా కోసం గూట్లో చెయ్యి పెడితే మాత్రం ఆవిడ ఇల్లు లేచిపోయేలా అరిచింది. ఇనుముకి మైల లేదు, సీసాకి ఉంది. ఈ తేడా నీరజ మనసులో రాసి పెట్టుకుంది. రాసుకున్నది ఎక్కడ వాడాలో అప్పటికి తెలియదు.

రెండువేల ఎనిమిది ఏప్రిల్లో, ఎండలు ముదురుతున్నప్పుడు, నందిగామ నుంచి సూసన్ వచ్చింది. అక్కడి స్కూల్లో పాఠాలు చెప్పే కృపారావు మాస్టారి కూతురు, అక్కడే ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్. భుజాన సంచి, చేతిలో మధ్యలోకి మడిచిన కంప్యూటర్ పత్రిక.

“గేమింగ్ కంప్యూటర్ కావాలండీ. మంచిది” అంది.

“తమ్ముడికా అండీ?” అన్నాడు అనిల్‌కుమార్.

“నాకే.”

“ఓహో, ఆఫీసు పనికా.”

“కాదండీ, ఆడుకోడానికి. డ్యూటీ నుంచి ఇంటికొచ్చాక ఆడుకుంటా.”

తెర వెనక నీరజ చేతిలో స్క్రూడ్రైవరు ఆగింది. ఇంటికొచ్చాక ఆడుకుంటానని ఒక ఆడపిల్ల అంత తేలిగ్గా, ఎవరి అనుమతీ అడగనట్టు చెప్పడం ఆమె ఎప్పుడూ వినలేదు. వినగానే ఎందుకో నవ్వొచ్చింది, ఆ నవ్వు కాసేపటిదాకా మొహం మీదే ఉంది.

సూసన్ పత్రిక తెరిచి చూపించింది. ఆటలో బొమ్మలన్నీ మానిటరు మీద గీసి కదిలించే భాగాన్ని గ్రాఫిక్స్ కార్డంటారు. ఆ ఏడాది రెండు కంపెనీలు ఒకదాన్ని మించి ఒకటి పెద్ద కార్డులు దించాయి. ఒకరి పెట్టె ఎరుపు, ఇంకొకరిది ఆకుపచ్చ. అప్పటిదాకా పేటలో ఎవరూ అంత పెద్ద కార్డు కొననూ లేదు, అమ్మనూ లేదు.

“ఈ రెంటిలో ఏది మంచిదో తేలడం లేదండీ” అంది సూసన్.

“తేలకపోవడానికేముంది. ఎర్రదాంట్లో వన్ జీబీ ఉంది, ఆకుపచ్చదాంట్లో ఐదొందల పన్నెండే. సగానికి సగం. ఎర్రదే తీసుకోండి” అన్నాడు అనిల్‌కుమార్, మిర్చి బస్తాలు కాటా వేసిన ధీమాతో. తరాలుగా తూకం మీద బతికిన ఇంట్లో పుట్టినవాడు. పెద్ద అంకె కనపడితే అతని మనసు దానంతటదే అటు మొగ్గుతుంది.

“అది సరే, ఎంత కరెంటు లాగుద్ది? వేడెక్కుద్దా?”

అనిల్‌కుమార్ నవ్వుమొహం కొంచెం తగ్గింది. “ఒక్క నిమిషం. మావాణ్ణి అడిగొస్తా” అని తెర తీసుకుని లోపలికొచ్చాడు.

నీరజ గొంతు తగ్గించి చెప్పింది. “ఏవండీ, ఆవిడ గది డాబానా రేకులా అడగండి. కిటికీ ఏవైపుందో, ఏసీ ఉందో లేదో. సాయంత్రంపూట లైట్లు డిమ్మవుతాయేమో కూడా.”

“గ్రాఫిక్స్ కార్డుకి పెళ్ళిచూపులటే ఇవి?” అని అనిల్‌కుమార్ కిసుక్కున నవ్వాడు. కానీ బయట చెప్పడానికి వేరే ఏమీ లేదు కనుక వెళ్ళి అవే అడిగాడు, గొంతు కాస్త సవరించుకుని, తనకే తట్టినట్టు.

“రేకుల గదండీ. పడమటి కిటికీ. ఏసీ లేదు. సాయంత్రమైతే ట్యూబులైటు కూడా కొట్టుకుంటా ఉంటది” అంది సూసన్. ఒక్క క్షణం ఆగి, “బెజవాడలో నాలుగు షాపులు తిరిగానండీ, మా గది గురించి ఎవరూ అడగలా. మీ టెక్నీషియన్ చాలా తెలివైనవాడు” అంది.

“నేనే ట్రైనింగిచ్చా” అన్నాడు అనిల్‌కుమార్.

తెర ఇవతల నీరజ ఆ మాట విని తల వంచుకుని ఒక స్క్రూ బిగించింది. అవసరానికి మించి బిగించిందేమో, ప్లాస్టిక్ కిర్రుమంది. మళ్ళీ అరచుట్టు వదులు చేసింది. ఆరేళ్ళలో ఆమెను మెచ్చుకున్న మొదటి మాట అది. అదికూడా మగవాడికి చెప్పినట్టు, వేరొకరి ఖాతాలోకి పోయింది.

సూసన్ వెళ్ళాక నీరజ చెప్పింది, ఆకుపచ్చదే తెప్పించమని. “రెండూ దాదాపు ఒక్కటే పరుగండీ. ఆ జీబీ అన్నది గోడౌను సైజు, సరుకు ఎంత జోరుగా కదులుద్దో అది వేరే సంగతి. ఎర్రది కరెంటెక్కువ తాగుద్ది, వేడంతా డబ్బాలోనే వదిలేసిద్ది. ఆకుపచ్చదానికి వెనక కంత ఉంది, వేడిని బయటికి తోసేసిద్ది. పొగగొట్టం ఉన్న పొయ్యికీ లేని పొయ్యికీ ఉన్నంత తేడా. రేకుల గదిలో ఎర్రది నిలవదు.” అనిల్‌కుమార్ శ్రద్ధగానే విన్నాడు. విని, “పొయ్యిల సంగతి వంటింట్లో చూసుకో. బజారంతా వన్ జీబీ అని చెప్పేసా” అన్నాడు. అప్పటికే పక్క వీధిలో నెట్ సెంటర్ నడిపే భవానీప్రసాద్‌తో, పేట మొత్తానికి పెద్ద మిషన్ మన కొట్లోనే తయారవుతోందని గొప్పలు చెప్పుకున్నాడు కూడా. చివరికి బెజవాడ హోల్‌సేల్ వాళ్ళే రెండూ పంపుతాం, నచ్చింది ఉంచుకుని రెండోది తిప్పి పంపమన్నారు. మిగతా సామాన్ల చీటీ ఎప్పటిలాగే నీరజ రాసింది. కరెంటిచ్చే పవర్ సప్లై మాత్రం ఆకుపచ్చదానికి సరిపోయేదే ఎంచింది. అదొక్కటే ఆమె చేతిలో ఉన్న ఓటు.

శనివారం పొద్దున్న ఏడున్నర బస్సుకి పార్సిల్ దిగింది. ఆరింటికే నీరజ బయట చేరింది.

వసారాలో చాపమీద కూర్చుంటే, మూడు గుమ్మాల అవతల తన బల్లమీద ఎర్ర పెట్టె, దానిపక్కన ఆకుపచ్చ పెట్టె కనిపిస్తున్నాయి. తెర పక్కకి తోసి ఉంది. నీరజ వాటికేసి చూస్తూ కాఫీ చల్లార్చుకుంది. నగలకొట్టు ముందు నిలబడి కూడా ఆమెకి అంత ఆశ కలిగిన జ్ఞాపకం లేదు. ఆ కార్డుల బొమ్మలు పత్రికల్లో చూసింది, వాటి కొలతలు చదివింది, ఎక్కడ ఏ ప్లగ్గు వస్తుందో కళ్ళు మూసుకుని చెప్పగలదు. పేటకి మొదటిసారి వచ్చిన ఆ వస్తువుని మొదట ముట్టుకోవలసిన చెయ్యి తనది. ఈ ముక్క పైకి అంటే పొగరంటారు. అనకపోయినా అది పొగరే అయితే కానీ అనుకుంది. ఆ పొగరు ఆమెకి హాయిగా ఉంది.

సూసన్‌కి ఫోన్ చేసి స్టాకు రాలేదనే చెప్పబోయాడు అనిల్‌కుమార్. సోమవారం నుంచి నాకు వారంపాటు నైట్ డ్యూటీ, ఆదివారానికి ఇవ్వలేకపోతే బెజవాడలో తీసుకుంటానని ఆ అమ్మాయి మర్యాదగానే చెప్పింది. అతను ఫోన్ పెట్టి, అమ్మ వంక చూశాడు. నాగేంద్రమ్మ తల అడ్డంగా ఊపింది. మూడోరోజైతే ఏమో, ఆదివారానికి రెండోరోజే.

“పర్లేదు, నేను బిగిస్తా. నేనూ కోర్సు చేసినవాణ్ణే” అన్నాడు అనిల్‌కుమార్.

“ఏవండీ, ఆకుపచ్చదే పెట్టండి” అంది నీరజ చాపమీంచి. “ఎర్రదానికి రెండు ప్లగ్గులు కావాలి. మనం తెప్పించిన పవర్ సప్లైకి ఒకటే ఉంది.”

“జాయింటు వేస్తాలే” అన్నాడు.

ఆదివారం పొద్దుటినుంచీ ఆమె ఆ పని చూడలేదు, విన్నది. స్క్రూలు మూడు కిందపడిన చప్పుడు వినపడింది. ఏరుకున్నవి రెండే. కాసేపు ఓపికపట్టి, “ఇంకోటి బోర్డు కింద ఉంటది చూడండి, అలాగే కరెంటిస్తే బోర్డు పోద్ది” అని కేకేసింది. లోపల వెతుకులాట. తర్వాత డబ్బాలో స్క్రూ వేసిన చిన్న శబ్దం. అనిల్‌కుమార్ దొరికిందని చెప్పలేదు.  బిగించిన ప్రతి మిషన్నీ నెత్తిమీద ఫ్యాను ఆపి గంటసేపు నడిపి చూడందే కొట్టు దాటనివ్వకపోవడం నీరజ పద్ధతి. అనిల్‌కుమార్ బొమ్మ వచ్చిందా లేదా చూసి ఆపేశాడు. పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఎర్ర పెట్టె ఖాళీ అట్టని అద్దాల బీరువా పైన నలుగురికీ కనపడేలా నిలబెట్టాడు.

రెండింటికి సూసన్ ఆటో మాట్లాడుకుని వచ్చింది. ఆట సీడీ తనే తెచ్చుకుంది. ఆడి చూశాకే తీసుకెళ్తానని స్టూలు లాక్కుని కూర్చుంది. బయట తారు కరుగుతున్న ఎండ.

నీరజ కుట్టుకుంటున్న తన చీర ఫాల్ పక్కన పెట్టి చెవులు అటే వేసింది. ఆట మొదలైంది. కార్డు ఫ్యాను మామూలుగా తిరిగింది, తర్వాత గొంతు పెంచింది, ఇంకా పెంచింది. దమ్ము చాలడం లేదని ఆమెకి తెలుస్తోంది. మనసులోనే అంకెలు లెక్కపెట్టుకుంటూ, ఇప్పుడు, అనుకుంది. టక్కుమంది. మిషన్ ఆరిపోయింది.

“కరెంటు పోయినట్టుందండీ” అన్నాడు అనిల్‌కుమార్.

“నెత్తిమీద ఫ్యాను తిరుగుతుంది గదండీ” అంది సూసన్.

రెండోసారి ఐదు నిమిషాలు నిలిచింది. మూడోసారి రెండు. గుమ్మంలో ఎప్పుడొచ్చి నిలబడ్డాడో, భవానీప్రసాద్ కూడా చూస్తున్నాడు. “వన్ జీబీ అన్నావుగా” అన్నాడు తాపీగా.

సూసన్ సీడీ బయటికి తీసుకుంది. “మీ టెక్నీషియన్ ఏరండీ? ఆయన్ని పిలవండి.”

“మావాడు ఇవాళ సెలవండి. రెండు రోజులాగితే...”

“ఆగలేనండీ. ఆరోజు ఆయనడిగిన ప్రశ్నలు విని ఇక్కడికొచ్చా. ఆయనే ఇట్టా బిగిస్తే ఇంక నేనేం చెప్పేది” అంటూ సూసన్ సంచి భుజాన వేసుకుంది.

ఆ మాట మూడు గుమ్మాలూ దాటి వచ్చి నీరజకి తగిలింది. కొట్టు పరువు పోతే అది నాగేంద్రమ్మ పేరు, అనిల్‌కుమార్ పేరు. ఇన్నాళ్ళూ వాటితో ఆమెకి పనిలేదు. ఇప్పుడు పోతున్నది ఆ తెర వెనక మనిషి పేరు. లేని మనిషే కావచ్చు, కానీ ఆ మనిషి చేసిన పని ప్రతి ఒక్కటీ తనది. జీతం తీసుకోకుండా, పేరు చెప్పుకోకుండా, ఒక్క మిషన్ కూడా తిరిగి రాకుండా ఆరేళ్ళు కూడబెట్టుకున్నది అదొక్కటే. చేతగానివాడు బిగించిన దానికి తన పని చెడ్డపేరు మోయడం ఆమె ఒప్పుకోదలచుకోలేదు. నీరజ లేచి నిలబడి కొంగు నడుముకి దోపుకుంది.

వంటింటి గుమ్మంలో నాగేంద్రమ్మ రెండు చేతులూ చాపి అడ్డం నిలబడింది. “ఎక్కడికే?”

“కొట్లోకత్తయ్యా.”

“రెండోరోజే నీకు. మతుండే చేస్తున్నావా?”

నీరజ ఆగలేదు. అదే నడకతో ముందుకొచ్చింది. ఇక రెండడుగులుందనగా నాగేంద్రమ్మకి సంగతి తట్టింది. తగిలితే తను తలారా స్నానం చెయ్యాలి, మడి కట్టుకుని చేసిన వంటంతా పారబొయ్యాలి. ఆవిడ చేతులు ముడుచుకుని గోడకి అతుక్కుపోయింది. కొట్టు వెనక గదిలోకి పరుగున వచ్చిన అనిల్‌కుమార్, పొద్దున్నే పూజ చేసినవాడు, అతను కూడా తగలకుండా పక్కకి తప్పుకున్నాడు. ఆరేళ్ళలో మొదటిసారి ఆ ఇంట్లో అందరూ ఆమెకు దారిచ్చారు. ఇంత బలమున్న మూడు రోజుల్ని ఇన్నాళ్ళూ చాపమీద కూర్చుని వృథా చేశానే అనుకుంది నీరజ.

తెర దాటి వచ్చి, సూసన్ ఎదుట నిలబడింది. “మావాణ్ణి అడిగొస్తా అంటుంటారే, ఆ మావాడు నేనేనండీ. నా పేరు నీరజ. మీ గది రేకులా డాబానా అని అడిగించింది నేను. ఇది బిగించింది మాత్రం నేను కాదు.”

సూసన్ ఆమె వంకా అనిల్‌కుమార్ వంకా మార్చి మార్చి చూసింది. తర్వాత సంచి దించి, తను కూర్చున్న స్టూలుని కాలితో ఆమెవైపు జరిపింది. “కూర్చోండి అక్కా” అంది.

నీరజ మిషన్ పక్కకి పడుకోబెట్టి పక్క మూత విప్పింది. లోపలినుంచి వేడి మొహానికి కొట్టింది. “ఎర్రది చెడ్డదేం కాదండీ. ఏసీ గదుండి, పెద్ద పవర్ సప్లై ఉంటే నేనూ అదే పెట్టేదాన్ని. మీకున్నది రేకుల గది. చెయ్యి ఇక్కడ పెట్టి చూడండి, వేడి ఎటు పోవాలో తెలీక ఎట్టా తిరుగుతుందో.” సూసన్ చెయ్యి పెట్టి చూసి వెనక్కి తీసుకుంది. నీరజ జాయింటు వేసిన వైరు తీసేసింది. ఎర్ర కార్డుని మెల్లగా ఊడదీసి, మళ్ళీ దాని అట్టలో పడుకోబెట్టింది. అప్పుడు ఆకుపచ్చ పెట్టె తెరిచింది. కార్డు బరువు అరచేతిలో తెలుస్తుంటే ఆమె ఒక్క క్షణం అలాగే పట్టుకుని ఉండిపోయింది. ఎవరు చూసినా సరే అనుకుంది. తర్వాత దాన్ని దాని గాడిలో నిలబెట్టి నొక్కింది, అది కూర్చున్న చిన్న శబ్దం ఆమెకి వినపడింది. ఒక ప్లగ్గు, రెండు స్క్రూలు, వైర్లన్నీ ఒక పక్కకి కట్టి గాలికి దారి. పావుగంట పట్టలేదు.

“ఏవండీ, నెత్తిమీద ఫ్యాను ఆపండి” అంది. అనిల్‌కుమార్ ఆపాడు. ఇంతకుముందు ఆమె చెప్పింది ఇంత వెంటనే చేసిన గుర్తు అతనికీ లేదు. తలుపులు దగ్గరికేయించి, ఏప్రిల్ మధ్యాహ్నం గాలాడని కొట్లో గంటసేపు ఆ మిషన్ నడిపించింది. సూసన్ ఆట ఆడింది. నుదుటి చెమట తుడుచుకుంటూ ఒక కోట పట్టుకుంది, పోగొట్టుకుంది, మళ్ళీ పట్టుకుంది. భవానీప్రసాద్ చొక్కా తడిసి ఒంటికి అతుక్కున్నా కదల్లేదు. ఫ్యాను గొంతు పెంచి ఒక చోట నిలిచింది, ఇక పెంచలేదు. మిషన్ ఆరిపోలేదు. వెనక కంతలోంచి వేడిగాలి ధారగా వస్తుంటే నీరజ అరచెయ్యి అడ్డం పెట్టి చూసుకుంది. ఇడ్లీపాత్ర మూత సందులోంచి వచ్చే ఆవిరిలా నిలకడగా ఉంది. ఇది నా పని అనుకుంది. 

పక్క మూత బిగించేముందు లోపలి రేకు మీద అంటించిన కాగితం కనపడింది. ప్రతి మిషన్లోనూ ఉండేదే, బిగించినవారు బి. అనిల్‌కుమార్ అని అచ్చేసినది. నీరజ గోటితో దాన్ని పీకేసి, మార్కర్ తీసుకుని ఆ రేకుమీదే రాసింది: నీరజ, 20-4-2008. “ఏదన్నా అయితే ఎవరికి ఫోన్ చెయ్యాలక్కా?” అంది సూసన్. కొట్టు నంబరే చెప్పింది నీరజ. “నీరజని పిలవమనండి, వస్తా” అంది.

ఆటో కదిలాక నాగేంద్రమ్మ ఇత్తడి చెంబునిండా పసుపునీళ్ళు కలుపుకుని, మావిడాకు ముంచి, కొట్టంతా చల్లడానికి బయల్దేరింది. నీరజ అద్దాల బీరువా ముందు నిలబడింది. “చల్లండత్తయ్యా. ఒక్క చుక్క బోర్డుల మీద పడినా అవి పోతాయి. వారంటీ కూడా ఇవ్వరు.” నాగేంద్రమ్మ మావిడాకు గాల్లో పట్టుకుని బీరువాలోని అట్టపెట్టెల వంక చూసింది. ఆవిడ కూడా పుట్టిన దగ్గర్నుంచీ సరుకు తడవకుండా చూసుకున్న ఇంటి మనిషే. చివరికి గుమ్మం బయట మెట్లమీద చల్లి లోపలికెళ్ళిపోయింది.

“ఈసారికి ఏదో అయిపోయింది. వచ్చే నెలనుంచి మామూలుగానే ఉందాం, అమ్మ బాధపడుద్ది” అన్నాడు అనిల్‌కుమార్ ఆ సాయంత్రం, మెత్తగానే.  మర్నాడు నెత్తిన నీళ్ళు పోసుకుని నీరజ ముందుగా చేసిన పని నీలంరంగు తెర దించడం. దాన్ని ఉతికి, కత్తిరించి, మానిటర్లమీద దుమ్ము పడకుండా నాలుగు గలీబులు కుట్టింది. తన బల్లని ముందుకొట్లోకి లాక్కుంది. లాగుతుంటే అనిల్‌కుమార్ ఒక పక్క పట్టుకున్నాడు. ఎందుకు పట్టుకున్నాడో అతన్నే అడగాలి.

మే నెల పదిహేడో తారీకు శనివారం, భవానీప్రసాద్ నెట్ సెంటర్లో ఒక మిషన్ పాడై, దాన్ని రెండు చేతులా మోసుకుంటూ మెట్లెక్కాడు. అనిల్‌కుమార్ క్యాలెండరు వంక చూశాడు, తర్వాత బల్ల దగ్గర స్క్రూడ్రైవరు పట్టుకుని కూర్చున్న భార్య వంక చూశాడు. ఆరేళ్ళ అలవాటు అతని నోట్లోంచి దానంతటదే వచ్చింది. “అయ్యో, స్టాకు రాలేదు ప్రసాదూ, మంగళవారం...”

“స్టాకెప్పుడూ ఉందండీ ప్రసాద్ గారూ” అంది నీరజ తలెత్తి. “ఇన్నాళ్ళూ స్టాకు రాలేదని ఈయన చెప్పిన రోజుల్లో కొట్లోకి రానిది నేను. ఇవాళ నాకు రెండోరోజు. మిషనిట్టా పెట్టండి, చూస్తా.”